ఎవరికెంత వచ్చింది? చైనా, భారత్ విదేశీ పెట్టుబడి లెక్కలు - స్త్రీల శ్రమ

(మహిళా సంఘాల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)



ఈ శిబిరంలో "విదేశీ పెట్టుబడులు - స్త్రీలు" అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఒక పూటలో తేలే అంశం కాదది. అందుకని నేను ఒక్క పట్టిక తీసుకుని దాని గురించే మాట్లాడదామనుకున్నాను. చైనాకు ఏటా ఎంత విదేశీ పెట్టుబడి వచ్చింది, మన దేశానికి ఎంత వచ్చింది అని చెప్పే పట్టిక అది. మీరందరూ ఏదో ఒక రూపంలో దాన్ని చూసే ఉంటారు. పత్రికల్లో వస్తుంది, బడ్జెట్ రోజుల్లో టీవీలో వస్తుంది, ఇప్పుడు జిల్లా సమావేశాల్లో కూడా వస్తోంది.

నేను దాన్ని పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. కార్మిక చట్టాల మార్పుల మీద అభిప్రాయ సేకరణ పేరుతో జరిగిన ఒక సమావేశానికి వెళ్ళాను. ఒక అధికారి తెర మీద రెండు గీతలు చూపించారు. పైకి దూసుకుపోయే ఎర్ర గీత చైనాది, నేల మీద పాకుతున్నట్టున్న నీలం గీత మనది. "చూడండి మేడమ్, వాళ్ళు పని గంటలు లెక్క చూసుకోలేదు. మనం చట్టాలు పట్టుకు కూర్చున్నాం. అందుకే మన ఆడపిల్లలకు ఉద్యోగాలు లేవు" అన్నారు. ఆయన దురుద్దేశంతో అన్నారని నేననుకోను, నిజంగానే నమ్మి అన్నారు. హాలులో చాలామంది తల ఊపారు కూడా. మా సంఘం నుంచి వచ్చిన ఒక అక్క నా చెవిలో, "నిజమేనా అమ్మా?" అని అడిగింది. అక్కడికక్కడ ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం ఆ అక్కకు నేను బాకీపడ్డ జవాబు.

ముందు అంకెలు చూద్దాం. ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ, అంటే అంక్టాడ్, ఏటా ప్రపంచ పెట్టుబడి నివేదిక వేస్తుంది. నేను చెప్పేవి దాదాపుగా దానిలోవి. డాలర్లను కోట్లలో చెబుతాను, మనకు అదే అలవాటు కాబట్టి. 1990లో చైనాకు వచ్చింది 349 కోట్ల డాలర్లు, మనకు 24 కోట్లు. అంటే 14 రెట్ల తేడా. 1996లో చైనాకు 4,170 కోట్లు, మనకు 250 కోట్లు, అంటే 16 రెట్లు. 2001లో వాళ్ళకు 4,690, మనకు 550. అక్కడినుంచి మన గీత కొంచెం లేచింది. 2008లో వాళ్ళకు 10,830, మనకు 4,710, రెండు రెట్ల పైన మాత్రమే తేడా. 2020లో కూడా దాదాపు అంతే, వాళ్ళకు 14,900, మనకు 6,400. తర్వాత మళ్ళీ జారింది. 2023లో వాళ్ళకు 16,300, మనకు 2,800. 2024లో వాళ్ళదీ బాగా పడి 11,600 దగ్గర ఆగింది, మనది సుమారు 2,760.

ఇంతవరకు ఆ అధికారి చెప్పినదాంట్లో తప్పులేదు. తేడా ఉంది, పెద్దదే. అయితే ఈ అంకె అంటే ఏమిటి?

ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి అనగానే మన కళ్ళముందు ఒక ఫ్యాక్టరీ కనిపిస్తుంది. గేటు, షెడ్డు, సైరను, బస్సులు దిగుతున్న ఆడపిల్లలు. లెక్కలో ఉండేది అది కాదు. ఒక విదేశీ సంస్థ ఇక్కడి కంపెనీలో కనీసం 10 శాతం వాటా తీసుకుంటే ఆ డబ్బు ఈ ఖాతాలోకి వస్తుంది. ఇక్కడే సంపాదించిన లాభాన్ని బయటికి పంపకుండా ఇక్కడే ఉంచితే అదీ వస్తుంది. మాతృసంస్థ తన పిల్ల కంపెనీకి ఇచ్చే అప్పూ ఇందులోకే వస్తుంది. కొత్తగా ఒక ఇటుక పేర్చాలని గాని, ఒక్క మనిషికి పనివ్వాలని గాని ఈ నిర్వచనంలో లేదు.

విశాఖ వెంకటాపురం ఫ్యాక్టరీని తీసుకోండి. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. 1997లో దక్షిణ కొరియా ఎల్‌జీ సంస్థ కొనుక్కుంది. విదేశీ పెట్టుబడి వచ్చినట్టే. కానీ ఫ్యాక్టరీ అదే, స్థలం అదే, చుట్టూ ఉన్న బస్తీ అదే. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయిన రోజున ఆ పెట్టుబడి ఎవరిదో అందరికీ తెలిసింది. ఒక కంపెనీ చేతులు మారడాన్ని, కొత్త కంపెనీ పుట్టడాన్ని ఒకే అంకెలో కలిపేసే పట్టిక ఇది.

2020లో మన 6,400 కోట్ల డాలర్ల సంగతీ చూడాలి. కరోనా ఏడాది. వలస కార్మికులు రోడ్ల మీద నడుస్తున్నారు, చంటిపిల్లలను చంకనేసుకుని ఆడవాళ్ళు నడుస్తున్నారు. ఆ ఏడాది విదేశీ పెట్టుబడి 27 శాతం పెరిగింది! ఎలా? ఆ ఏడాది పెట్టుబడిలో ఒక పెద్ద భాగం జియో ప్లాట్‌ఫామ్స్‌లో వాటాలు కొనడానికి వచ్చింది. ఫేస్‌బుక్ ఒక్కటే 43,574 కోట్ల రూపాయలు పెట్టింది, గూగుల్ 33,737 కోట్లు. పెట్టుబడి కాదనను. కానీ ఆ ఏడాది ఉపాధి పోయిన స్త్రీలకు ఆ గీత పైకి లేవడంతో ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పీహెచ్‌డీ రోజుల్లో నేనూ ఇలాంటి పట్టిక ఒకటి తయారుచేశాను. చైనాకు 1993లో 11,100 కోట్ల డాలర్లు అని రాసుకున్నాను. చాలా గర్వంగా రాసుకున్నాను కూడా. అది ఆ ఏడాది కుదిరిన ఒప్పందాల మొత్తమనీ, నిజంగా వచ్చింది 2,750 కోట్లేననీ నా గైడు ఎర్రసిరాతో దిద్దేదాకా తెలియలేదు. ఆమోదించింది వేరు, వచ్చింది వేరు. మన ప్రభుత్వాలకు ఈ తేడా తెలియక కాదు. 2023 మార్చిలో విశాఖ సదస్సులో 13 లక్షల కోట్ల రూపాయల పైచిలుకు ఒప్పందాలన్నారు. 2025 నవంబరులో ప్రభుత్వం మారింది, నగరం మారలేదు, మళ్ళీ 13 లక్షల కోట్ల పైచిలుకన్నారు. ఆ అంకె మీద విశాఖకు ఏదో మమకారం ఉన్నట్టుంది.

ఇంకో సంగతి. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది. 1990ల్లో చైనాకు వచ్చిన దానిలో సగానికి పైగా హాంకాంగ్, మకావ్, తైవాన్‌ల నుంచి వచ్చింది. అందులో కొంత చైనా సొంత డబ్బే. విదేశీ పెట్టుబడికి పన్ను రాయితీలుంటాయి కాబట్టి హాంకాంగ్ వెళ్ళి వేషం మార్చుకుని తిరిగొచ్చింది. మన దగ్గర ఆ పాత్ర మారిషస్‌ది. 2000 తర్వాత చాలాకాలం మనకు వచ్చిన వాటా పెట్టుబడిలో దాదాపు మూడో వంతు పన్నెండు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఆ ద్వీపం నుంచే వచ్చినట్టు లెక్క. మారిషస్‌లో మన తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు, ఉగాది చేసుకుంటారు, నిజమే. కానీ ఆ డబ్బు చెరుకుతోటల్లో చెమటోడ్చిన వాళ్ళ సంతానానిది కాదు. 1982 నాటి పన్ను ఒప్పందం ఆసరాగా ఆ దారిన నడిచిన డబ్బు. 2016లో ఆ ఒప్పందాన్ని సవరించారు.

హాంకాంగ్ అంటే మనం ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1980ల్లో, 90ల్లో సరిహద్దు దాటి షెన్‌జెన్‌కు వెళ్ళిన బట్టల ఫ్యాక్టరీలు, బొమ్మల ఫ్యాక్టరీలు అంతకుముందు హాంకాంగ్‌లోనే ఉండేవి. వాటిలో పనిచేసిన హాంకాంగ్ స్త్రీలు నడివయసులో పని పోగొట్టుకున్నారు. చైనా పట్టికలో "వచ్చిన" పెట్టుబడి వాళ్ళ బతుకుల్లోంచి "పోయిన" పని. ఏ పట్టికలోనూ రెండూ పక్కపక్కన ఉండవు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. చైనాకే అంత ఎందుకు వెళ్ళింది? పని గంటలు లెక్కచూసుకోకపోవడం వల్లనా?

కొంత చరిత్ర చెప్పాలి. చైనా 1979లో ఉమ్మడి సంస్థల చట్టం చేసింది. 1980లో షెన్‌జెన్, జుహాయ్, షాన్‌టౌ, షియామెన్ అనే నాలుగు చోట్ల ప్రత్యేక ఆర్థిక మండలాలు పెట్టింది. 1984లో మరో 14 తీర నగరాలను తెరిచింది. మనం 1991 జూలైలో మొదలుపెట్టాం. అంటే పన్నెండేళ్ళ తేడా ఉంది. అయినా అసలు ఊపు 1992లో డెంగ్ షియావోపింగ్ దక్షిణ ప్రాంతాల పర్యటన తర్వాతే వచ్చింది. 1991లో 437 కోట్ల డాలర్లున్నది 1993కి 2,750 కోట్లయింది.

కానీ ఆ మండలాల్లోకి నడిచి వచ్చిన అమ్మాయి ఎవరు? సిచువాన్, హునాన్, హుబెయ్ పల్లెల నుంచి వచ్చిన పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్ల. చాలామంది మిడిల్ స్కూల్ చదువుకున్నవాళ్ళు. టీకాలు పడ్డవాళ్ళు. 1990 నాటికి చైనాలో వయోజన స్త్రీలలో 68 శాతం అక్షరాస్యులు. మన 1991 జనాభా లెక్కల్లో ఏడేళ్ళు దాటిన స్త్రీలలో అక్షరాస్యత 39 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఇంకా తక్కువ, దాదాపు 33 శాతం. ఈ రెండు అంకెలను ఆ అధికారి తెర మీద వెయ్యలేదు. విదేశీ పెట్టుబడి రాకముందే భూసంస్కరణలు, పల్లె బడులు, పల్లె వైద్యం అక్కడ ఆ పిల్లను తయారుచేశాయి. 1995లో జాన్ డ్రెజ్, అమర్త్య సేన్ రాసిన పుస్తకంలో ఈ వాదన వివరంగా ఉంది. మార్కెట్ సంస్కరణలు తెచ్చిన ఫలితం అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం అంతకుముందు చదువు మీద, ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చు ఫలితం. మనం రెండో అంకం ఒక్కటే చూసి, మొదటి అంకాన్ని మరిచిపోయి, నాటకాన్ని కాపీ చెయ్యాలనుకుంటున్నాం.

ఆ పిల్లను చైనాలో దాగోంగ్‌మెయ్ అంటారు. యజమాని దగ్గర పనిచేసే చెల్లెలు అని అర్థం చెప్పుకోవచ్చు. చూడండి, చెల్లెలట. కార్మికురాలు అనే మాటకు కమ్యూనిస్టు చైనాలో ఒక గౌరవం, ఒక హక్కు ఉండేవి. చెల్లెలికి ఆ హక్కు లేదు. ఆమె కొన్నాళ్ళుండి వెళ్ళిపోయే మనిషి. పున్ న్గాయ్, చింగ్ క్వాన్ లీ అనే స్త్రీవాద సామాజికశాస్త్రవేత్తలు ఆ ఫ్యాక్టరీల్లో ఈ పిల్లలతో పాటు ఉండి రాసినవి మీలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు చదవాలి. అక్కడ హుకో అనే నివాస నమోదు పద్ధతి ఉంది. పల్లెలో నమోదైన మనిషి నగరంలో ఎన్నేళ్ళు పనిచేసినా నగరవాసి కాదు. పిల్లలను నగరం బడిలో చేర్చడం కష్టం. కాబట్టి పెళ్ళి, పురుడు, పిల్లల పెంపకం, ముసలితనం అన్నీ పల్లెకే. నగరానికి కావలసింది పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ దాకా ఉండే ఆమె కళ్ళు, వేళ్ళు మాత్రమే. 2013లో అఖిల చైనా మహిళా సమాఖ్య అంచనా ప్రకారం తల్లో, తండ్రో, ఇద్దరూనో వలసపోగా పల్లెల్లో మిగిలిన పిల్లలు 6 కోట్ల పైమాట. వాళ్ళను పెంచింది ఎవరు? అమ్మమ్మలు, నాయనమ్మలు. చైనాకు వచ్చిన పెట్టుబడిలో ఈ ముసలమ్మల వాటా ఎంతో అంక్టాడ్ లెక్కకట్టదు.

1993 నవంబరు 19. షెన్‌జెన్ దగ్గర జిలీ అనే బొమ్మల ఫ్యాక్టరీ. హాంకాంగ్ యాజమాన్యం, యూరప్ మార్కెట్‌కు బొమ్మలు. మంటలు లేచాయి. కిటికీలకు ఇనుప చట్రాలు, తలుపులకు తాళాలు. పిల్లలు సరుకు దొంగిలించకుండా అట! 87 మంది చనిపోయారు. ఇద్దరు తప్ప అందరూ ఆడపిల్లలే. ఆ పిల్లల ఉత్తరాలు కొన్ని తర్వాత పరిశోధకుల చేతికి వచ్చాయి. అక్కకు, స్నేహితురాలికి, ఇంకో ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీలో ఉన్న బంధువుకు రాసినవి. అనీతా చాన్ వాటి మీద ఒక వ్యాసం రాసింది. ఆ ఉత్తరాల నిండా జీతం ఎప్పుడిస్తారు, అక్కడ తిండి ఎట్లా ఉంది, ఇక్కడికంటే మంచి ఫ్యాక్టరీ ఏదన్నా ఉందా అన్న మాటలే. 1993. గుర్తుంది కదా, పట్టికలో ఎర్ర గీత ఒక్కసారిగా లేచిన సంవత్సరం అదే.

నేను ఇది చెప్పినప్పుడు కొందరు, "అయితే పెట్టుబడి వద్దంటారా?" అని అడుగుతారు. నేను అలా అనను. ఈ విషయంలో మనలో కూడా కొంత తొందరపాటు ఉంది. ఆ పిల్లలు నిజంగా పల్లె వదిలి వెళ్ళాలనుకున్నారు. తండ్రి చూసిన సంబంధం తప్పించుకోవడానికి కొందరు వెళ్ళారు, తమ్ముడి చదువుకు డబ్బు పంపి ఇంట్లో మాట చెల్లించుకున్నవాళ్ళు ఉన్నారు. మన తడ, శ్రీసిటీ చుట్టుపక్కల నేను పనిచేసిన ఊళ్ళలో కూడా జీతం చేతికొచ్చిన అమ్మాయి నడకే వేరుగా ఉంటుంది. "ఇంట్లో నన్నడిగి బియ్యం కొంటున్నారు అక్కా" అంది ఒకమ్మాయి. పొలం పనికి పోయినా ఆ పిల్ల కష్టపడేదే, కానీ ఆమెను అడిగి బియ్యం కొనేవాళ్ళు కాదు. ఈ మార్పును చిన్నచూపు చూసే స్త్రీవాదం నాకక్కరలేదు.

అదే అమ్మాయి ఇంకో మాట చెప్పింది. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు బస్సులోనే మెట్టెలు తీసి పర్సులో వేసుకుందట. తాళి జాకెట్లోకి దోపుకుందట. పెళ్ళయిందని తెలిస్తే తీసుకోరని ఊళ్ళో ముందుగా వెళ్ళినవాళ్ళు చెప్పారు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ చెప్పను, ఆమె ఇంకా పని చేసుకుంటోంది. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ శ్రీపెరంబుదూర్‌లోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ ఫ్యాక్టరీ మీద రాసిన కథనం చదివినప్పుడు, అందులోనూ పెళ్ళయిన స్త్రీలను పక్కన పెడుతున్నారన్న ఆరోపణ చూసినప్పుడు, నాకు ఈ మెట్టెలే గుర్తొచ్చాయి. కంపెనీ తాను వివక్ష చూపడంలేదంది. జాతీయ మానవ హక్కుల సంఘం నివేదిక అడిగింది. మన సమాజంలో పెళ్ళికాని పిల్లకు విలువ లేదంటారు, ఫ్యాక్టరీ గేటు దగ్గర పెళ్ళయిన పిల్లకు విలువ లేదంటారు. రెండుచోట్లా ఆమె ఒంటిమీద గుర్తులు చూసే తేలుస్తున్నారు.

ఫాక్స్‌కాన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఒకే సంస్థను రెండు దేశాల్లో చూద్దాం. 2010లో షెన్‌జెన్ ఫాక్స్‌కాన్‌లో వరసగా యువ కార్మికులు వసతి భవనాల మీదినుంచి దూకి చనిపోయారు. భవనాలకు వలలు కట్టారు. ఆ ఏడాదే దక్షిణ చైనాలో హోండా విడిభాగాల ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె చేసి జీతం పెంచుకున్నారు. జీతాలు పెరిగేసరికి కంపెనీలు లోపలి రాష్ట్రాలకు, తర్వాత వియత్నాంకు, మన దేశానికి చూపు మళ్ళించాయి. 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూర్‌లో ఫాక్స్‌కాన్ స్త్రీ కార్మికులు ఉంటున్న హాస్టల్లో తిండి తిని 250 మందికి పైగా జబ్బుపడ్డారు. వాళ్ళు చెన్నై - బెంగుళూరు రహదారి మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ కొన్నాళ్ళు మూతపడింది, ఆపిల్ సంస్థ ఆ ఫ్యాక్టరీని పరిశీలనలో పెట్టింది. తర్వాత తమిళనాడు ప్రభుత్వం 18,720 మంది స్త్రీ కార్మికులు ఉండేలా వసతి భవనాలు కట్టించి 2024 ఆగస్టులో ప్రారంభించింది. హాస్టల్ అక్కరలేదని నేను అనడంలేదు, మురికి గదుల్లో పదిమంది పడుకోవడంకన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఆ మంచం పెళ్ళికాని, పిల్లల్లేని ఒంటరి శరీరానికి కొలిచి వేసిన మంచం. పిల్లాడితో వచ్చే తల్లికి అందులో చోటు లేదు. హుకో చట్టం లేకుండానే మనం హుకో కట్టుకుంటున్నాం.

ఇక పని గంటల వాదన. 2008 జనవరి 1 నుంచి చైనా కొత్త కార్మిక ఒప్పంద చట్టం అమలుచేసింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసింది, ఇష్టం వచ్చినట్టు తీసెయ్యడం కష్టం చేసింది. విదేశీ వ్యాపార సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి, పెట్టుబడి పారిపోతుందన్నాయి. ఏమైంది? 2007లో 8,350 కోట్ల డాలర్లు వస్తే, చట్టం వచ్చిన 2008లో 10,830 కోట్లు వచ్చాయి. 2009లో ప్రపంచ సంక్షోభం వల్ల కొంచెం తగ్గి, 2010లో 11,470 కోట్లయింది. చట్టం వల్ల పెరిగిందని నేను వాదించను. చట్టం వల్ల ఆగలేదని మాత్రం ఆ గీతే చెబుతోంది. అక్కడ స్వతంత్ర కార్మిక సంఘాలు లేవు, ప్రభుత్వ సమాఖ్య ఒక్కటే ఉంది. ఆ చట్టం అమలు ఎన్నిచోట్ల కాగితం మీదే ఉండిపోయిందో కూడా మనకు తెలుసు. చైనాను ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. చైనాను చూపించి మన చట్టాలు తీసెయ్యమనేవాళ్ళు చైనాను సరిగ్గా చదవలేదంటున్నాను.

మన దగ్గర 2023 ఫిబ్రవరిలో కర్ణాటక 12 గంటల పనిదినానికి, స్త్రీల రాత్రి షిఫ్టుకు వీలు కల్పిస్తూ చట్టం సవరించింది. ఏప్రిల్లో తమిళనాడు 12 గంటల బిల్లు తెచ్చింది, సంఘాలన్నీ కలిసి నిలబడితే మే డే నాటికి వెనక్కు తీసుకుంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు 9 గంటల పరిమితిని 10 గంటలు చేయాలని, స్త్రీల సమ్మతితో రాత్రి పని అనుమతించాలని నిర్ణయించింది. పెట్టుబడుల కోసం అన్నారు. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లనూ అమల్లోకి తెచ్చింది.

రాత్రి పని విషయంలో మన సంఘాల్లో ఏకాభిప్రాయం లేదు, ఉండనక్కరలేదు కూడా. నర్సులు ఎప్పటినుంచో రాత్రులు పనిచేస్తున్నారు. స్త్రీలను రాత్రి బయటికి రానివ్వకూడదనే రక్షణ మనకు పనికిరాదు. నా అనుమానం "సమ్మతి" అనే మాట మీద. పది గంటలు ఫ్యాక్టరీలో, రానూపోనూ మూడు గంటలు బస్సులో, ఇంటికొచ్చాక వంట, అంట్లు, నీళ్ళు, అత్తగారి మందులు. ఈ పిల్ల ఎప్పుడు కూర్చుని సమ్మతి గురించి ఆలోచిస్తుంది? మగవాడికి పది గంటల పనిదినం పది గంటలే. ఈ సంగతి మనకు పాతదే. కానీ చట్టం రాసేవాళ్ళకు ప్రతిసారీ కొత్తగా చెప్పవలసి వస్తోంది.

వచ్చిన పెట్టుబడి ఎక్కడికి వెళ్తోందన్నది కూడా పట్టికలో ఉండదు. చైనాలో 1990ల్లో, ఆ తర్వాత దశాబ్దంలో చాలా భాగం వస్తూత్పత్తికి వెళ్ళింది. అది కార్మికులను పిలిచింది. మన దగ్గర సేవలు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, టెలికాం రంగాలకు పెద్ద వాటా పోయింది. మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్, ఢిల్లీ చాలా భాగం పంచుకున్నాయి. మన గీత లేచిన 2005, 2008 మధ్య కాలం తర్వాత దేశంలో స్త్రీల శ్రామిక భాగస్వామ్యం పెరగలేదు సరికదా, 2017-18 నాటికి పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో 23 శాతానికి దిగింది. ఇప్పుడు 2023-24 సర్వేలో దాదాపు 42 శాతం అంటున్నారు. ఆ పెరిగినవాళ్ళలో ఎక్కువమంది సొంత పనుల్లో, ఇంటి వ్యవసాయంలో జీతం లేకుండా సాయపడేవాళ్ళుగా నమోదైనవాళ్ళు. అదే ఏడాదుల్లో విదేశీ పెట్టుబడి పడిపోయింది. చూశారా, రెండు గీతలు ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నాయి. "పెట్టుబడి వస్తే ఆడపిల్లలకు పని" అన్న సూత్రం మన దేశంలో ఇంతవరకు అంత సులువుగా నిలబడలేదు.

వచ్చింది ఎంత మిగిలిందన్నది ఇంకో విషయం. 2024-25లో దేశానికి 8,100 కోట్ల డాలర్ల విదేశీ పెట్టుబడి వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది, 14 శాతం వృద్ధి అంది. రిజర్వు బ్యాంకు లెక్కల్లో అదే ఏడాది ఇక్కడి వాటాలు అమ్ముకుని విదేశీ సంస్థలు తీసుకుపోయింది 5,150 కోట్లు. మన కంపెనీలు బయట పెట్టింది ఇంచుమించు 2,900 కోట్లు. మిగిలింది 35 కోట్ల డాలర్లు. అవును, సరిగ్గానే విన్నారు. అంకె రెండూ నిజమే. ఏది పేపరు మొదటి పేజీలో వస్తుందో మీరు ఊహించగలరు.

పోయేటప్పటి సంగతి తెలుసుకోవాలంటే శ్రీపెరంబుదూర్ నోకియా ఉంది. 2006లో వచ్చింది, వేలాది మంది అమ్మాయిలకు పనిచ్చింది, దేశానికే చూపించుకునే ప్రత్యేక ఆర్థిక మండలం అయింది. 2014 నవంబరులో మూసేసింది. ఆ పిల్లలు అప్పటికి పాతికేళ్ళ దగ్గర్లో ఉన్నారు. సెల్‌ఫోన్ బోర్డులు పరీక్ష చేయడంలో ఎనిమిదేళ్ళ అనుభవం. ఆ అనుభవాన్ని ఏ చిల్లరకొట్టు, ఏ బట్టల షాపు లెక్కలోకి తీసుకుంటుంది? అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ బట్టల పార్కులో 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి వందల మంది స్త్రీలు విషవాయువు పీల్చి ఆసుపత్రుల పాలయ్యారు. మళ్ళీ పనిలోకి వెళ్ళారు. వెళ్ళక ఏం చేస్తారు? ఆ చుట్టుపక్కల అంతమందికి నెల జీతం ఇచ్చేది ఇంకొకటి లేదు.

ఇక నేను మిమ్మల్ని అడగవలసింది. మన జిల్లాల్లో కొత్తగా వస్తున్న ప్రతి విదేశీ కంపెనీకి భూమి, నీళ్ళు, కరెంటు, పన్నుల్లో రాయితీ ఇస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వస్తుంది. అందులో ఎన్ని ఉద్యోగాలన్న అంకె ఉంటుంది. ఆ ఉత్తర్వు నకళ్ళు సంపాదించండి. మూడేళ్ళ తర్వాత అందులో ఎంతమంది స్త్రీలు నిజంగా పనిలో ఉన్నారు, ఎంతమంది కాంట్రాక్టరు కింద ఉన్నారు, ముప్ఫై దాటినవాళ్ళు ఎందరు, పిల్లల తల్లులు ఎందరు, చట్టం ప్రకారం ఉండవలసిన శిశుగృహం ఉందా అని సమాచార హక్కు కింద జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని, ఫ్యాక్టరీల తనిఖీ శాఖను అడగండి. రెండు మండలాల్లో ఈ పని మొదలుపెట్టాం. వచ్చిన జవాబుల్లో సగం "మా వద్ద లేదు" అన్నవే. అదీ ఒక జవాబే, దాచిపెట్టుకోండి. వచ్చే అభిప్రాయ సేకరణ సమావేశంలో రెండు గీతల పటం వేసినప్పుడు ఆ కాగితాలు చేతిలో ఉండాలి.

నాకిచ్చిన సమయం ఎప్పుడో దాటిపోయింది, అధ్యక్షురాలు రెండుసార్లు గడియారం చూశారు. అంకెలు రాసుకోలేకపోయినవాళ్ళ కోసం ఒక కాగితం మీద రాసి తెచ్చాను, తలుపు దగ్గర ఉంది. తడ నుంచి ఇద్దరు అమ్మాయిలు రాత్రి షిఫ్టు ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చారు. భోజనాల తర్వాత వాళ్ళు మాట్లాడతారు. ముందు వాళ్ళను కాసేపు పడుకోనివ్వండి.